మందు రాసే ముందు జుట్టు కొలవండి: సీమలో బట్టతల ట్రీట్మెంట్ ఇచ్చే డాక్టర్లకు, క్లినిక్కుల వాళ్ళకు బహిరంగ లేఖ

కర్నూలు, అనంతపురం, కడపలో జుట్టుకి ట్రీట్మెంట్ ఇస్తున్న డాక్టర్ సార్లకు, మేడమ్‌లకు, హెయిర్ క్లినిక్కులు నడిపేవాళ్ళకు నమస్కారం.

నేను కర్నూలు పాతబస్తీలో ఫోటో స్టూడియో నడుపుతా. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్ళిళ్ళు, సీమంతాలు, సంబంధాలకి పంపే ఫోటోలు, ఇదే నా పని. డాక్టర్‌ని కాదు, ఏ మందు ఎవరికి రాయాలో మీకు చెప్పేంత వాణ్ణి అసలే కాదు, కానీ లైటు యాడి నుంచి పడితే తల ఎట్లా కనపడుతుందో నాకు బాగా తెలుసు, ఆ తెలిసిందాన్ని పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నా. అడిగేది ఒక్కటే సార్. బట్టతలకి మందు మొదలుపెట్టే రోజే జుట్టు కొలవండి, మళ్ళీ కొలిచినప్పుడు అదే చోట అదే పద్ధతిలో కొలవండి, ఆ కొలతలు, ఆ ఫోటోలు మా చేతికివ్వండి.

మా తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం. ఉద్యోగం ఉంది, మనిషి మంచోడు, అయినా ఫోటో పంపినాక అవతలి నుంచి మళ్ళీ ఫోన్ రాదు, మధ్యవర్తి మొహమాటపడతా "అబ్బాయికి జుట్టు కొంచెం..." అని ఆపేస్తాడు. వాడు ఆ మాట విని విని ఈ మూడు ఊర్లలో ఒక దాంట్లో ఉండే క్లినిక్‌కి పోయి ప్యాకేజీ కట్టినాడు. బిళ్ళలు, తలకి పూసుకునే లోషన్, రక్తం తీసి తలలోకి ఇంజెక్షన్ చేసే పీఆర్పీ, అన్నీ కలిపి. కొన్ని నెలలైనాక అక్కడి కౌన్సిలర్ ట్యాబ్‌లో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి "చూడండి సార్ ఎంత ఇంప్రూవ్‌మెంటో" అని చూపించిందంట. వీడు సంతోషంగా ఆ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసుకొని నాకు పంపినాడు.

నేను దాన్ని పెద్దది చేసి చూసినా. మొదటి ఫోటోలో ట్యూబ్‌లైటు సరిగ్గా నడినెత్తి మీద ఉంది, వాడు తల బాగా వంచినాడు, జుట్టు తడిగా ఉండి పాయలు పాయలుగా అతుక్కుపోయి మధ్యలో చర్మం మెరుస్తా ఉంది. రెండో ఫోటోలో వెలుతురు పక్కన కిటికీ నుంచి వస్తాంది, గడ్డం కొంచెం పైకుంది, జుట్టు పొడిగా ఉంది, పొడుగు పెరిగింది, దువ్విన వైపు మారింది. మా తమ్ముడికి నెత్తి మీద ఎడమ పక్క ఆవగింజంత పుట్టుమచ్చ ఉంటుంది, చిన్నప్పుడు అమ్మ తలంటేటప్పటి నుంచి మాకందరికీ తెలిసిన మచ్చ అది. మొదటి ఫోటోలో అది పలచబడిన చోటు అంచున నల్లగా కనపడుతుంది. రెండో దాంట్లో లేదు. మచ్చ పోదు కదా సార్, దాని మీదికి జుట్టు మళ్ళించి దువ్వితేనో, కెమెరా ఇంకో కోణంలో పెడితేనో తప్ప అట్లా కాదు. వాళ్ళు కావాలని చేసినారు అని నేను అనటం లేదు, ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు ఫోన్‌తో తీసేసి ఉంటారు. కానీ ఆ రెండు ఫోటోలు పెట్టుకొని జుట్టు వచ్చిందని చెప్పలేం, రాలేదని కూడా చెప్పలేం. తమ్ముడు "అన్నా, నువ్వే చెప్పు, వచ్చిందా రాలేదా" అని అడుగుతాంటే నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు క్లినిక్ ఫైల్లో ఉండాలి, అక్కడా లేదు.

నా అనుమానం తీర్చుకోవటానికి స్టూడియోలో పనిచేసే అబ్బాయిని కూర్చోబెట్టి ఒకే మధ్యాహ్నం రెండు ఫోటోలు తీసినా. వానికి నడినెత్తిన కొంచెం పలచగా ఉంటుంది, ఏ మందూ వాడడు. ఒకటి తల తడిపి, పై లైటు ఒక్కటే వేసి, దగ్గర నుంచి వైడ్ లెన్సుతో. ఇంకోటి తల ఆరబెట్టి, రెండు పక్కలా సాఫ్ట్‌బాక్సులు పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి. పక్కపక్కన పెడితే ఏడాది పాటు మందు వాడినట్టుంది. ఫోన్ కెమెరాలు అయితే ఇంకా కష్టం, అవి వాటంతట అవే చర్మాన్ని నున్నగా చేస్తాయి, అంచులు పదును పెడతాయి, నీడల్ని లేపుతాయి, నిన్నటి అప్‌డేట్‌కి ఈరోజు అప్‌డేట్‌కి ఫోటో మారిపోతుంది.

జుట్టు పొడుగు సంగతి కూడా చెప్పాలి. నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కటింగ్ చేయించుకున్న మర్నాడు మొదటి ఫోటో, మళ్ళీ కటింగ్ లేకుండా రెండు నెలలకి రెండో ఫోటో తీస్తే రెండు సెంటీమీటర్ల జుట్టు అదనంగా నెత్తిని కప్పుతుంది. ఒక్క వెంట్రుక కొత్తగా రాకున్నా ఒత్తుగా వచ్చినట్టే కనపడుతుంది. అందుకే ఫోటోకి ముందు కటింగ్ ఎన్ని రోజుల కింద అయింది, తలస్నానం ఎప్పుడు చేసినారు, నూనె ఉందా లేదా, ఇవి ఫైల్లో రాయాలి. కొందరు నెత్తి కనపడకుండా చల్లుకునే కెరాటిన్ పొడి వేసుకొనే వస్తారు, అది కడిగించినాకే తీయాలి.

ఇదంతా నేను కనిపెట్టింది కాదు, మీకు తెలియనిదీ కాదు. మీరు రాసే బిళ్ళ ఫినాస్టరైడ్‌కి 1 మిల్లీగ్రాము డోసులో 1997 డిసెంబరులో అమెరికాలో పర్మిషన్ వచ్చిందంటే అది ఊరికే రాలేదు, కొలిచి చూపిస్తే వచ్చింది. 18 నుంచి 41 ఏళ్ళ మధ్య మగవాళ్ళని 1553 మందిని తీసుకొని, నడినెత్తి దగ్గర ఒక అంగుళం అడ్డం ఉండే గుండ్రటి చోటు ఎంచుకొని, అక్కడ వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి, మళ్ళీ అదే చోటు దొరకటానికి చిన్న చుక్క పచ్చబొట్టు పెట్టి, దగ్గర నుంచి ఫోటో తీసి వెంట్రుకలు లెక్కపెట్టినారు. మొదట్లో ఆ చోట సగటున 876 ఉన్నాయి. ఏడాదికి, పోలిక కోసం ఇచ్చిన మందు లేని ఉత్తి బిళ్ళ వేసుకున్న వాళ్ళతో పోలిస్తే మందు వేసుకున్న వాళ్ళకి 107 ఎక్కువ, రెండేళ్ళకి 138 ఎక్కువ. దాంతో పాటు తల మొత్తం ఫోటోలు, తల కదలకుండా స్టాండు, ఒకే లైటు, ఒకే దూరం. ఆ ఫోటోలు చూసిన స్కిన్ డాక్టర్లకి ఎవరు మందు వేసుకున్నారో ఎవరు ఉత్తి బిళ్ళ వేసుకున్నారో చెప్పలేదు. తలకి పూసుకునే మినాక్సిడిల్ అనే మందు మీద 96 వారాలు చేసిన ఒక స్టడీలో అయితే 1.2 చదరపు సెంటీమీటర్ల చోట వెంట్రుకలు కత్తిరించి బరువు తూచినారు, ఎందుకంటే సంఖ్య పెరగకున్నా వెంట్రుక లావు అయితే మనిషికి ఒత్తుగా కనపడుతుంది, ఆ సంగతి లెక్కలో రాదు, తూకంలో వస్తుంది.

అంత జాగ్రత్తగా కొలిచి నిరూపించిన మందుని మా తలకి వేసేటప్పుడు మాత్రం కంటి అంచనా సరిపోతుందా సార్?

అనంతపురం పక్క వేరుశనగ రైతులకి ఈ పద్ధతి కొత్త కాదు. పంట అంచనా కోసం ఆఫీసర్లు వచ్చి చేను మొత్తం పీకి తూచరు, చేన్లో ఒక చిన్న చదరం తాడుతో కొలిచి గుర్తుపెట్టి, అందులో కాయలు పీకి తూచి దిగుబడి కడతారు. గట్టు మీద నిలబడి చూసి "బాగానే ఉండాది" అని రాసుకొని పోతే రైతు ఊరుకోడు. నెత్తి మీద ఒక చదరపు సెంటీమీటరు గుర్తుపెట్టి, చర్మాన్ని పెద్దది చేసి చూపించే డెర్మోస్కోపుతో చూడటం కూడా అదే పని. మీలో శానామంది దగ్గర డెర్మోస్కోప్ ఎట్లాగూ ఉంటుంది. ముక్కు నుంచి నడినెత్తి మీదుగా ఎన్ని సెంటీమీటర్లు, చెవి నుంచి ఎన్ని సెంటీమీటర్లు అని టేపుతో కొలిచి రాసుకుంటే పచ్చబొట్టు కూడా అవసరం లేదు, మా తమ్ముడిలాగా మచ్చ ఉంటే అదే గుర్తు. ఆ చోట ఎన్ని వెంట్రుకలు, అందులో లావువి ఎన్ని, నూగులాంటివి ఎన్ని, ఒక్కో రంధ్రం నుంచి ఎన్ని వస్తున్నాయి, ఇవి రాసిస్తే చాలు. మగవాళ్ళ బట్టతలలో వెంట్రుక ఒకేసారి రాలిపోయి మాయం కాదు, డీహెచ్‌టీ అనే హార్మోన్ దెబ్బకి విడత విడతకీ సన్నబడతా వస్తుంది, అందుకే లావు సన్నం తేడాలు 20 శాతం దాటినాయా అని మీరే చూస్తారు. ఆ నంబరు మీకు పనికొచ్చినప్పుడు మాకూ పనికొస్తుంది.

తమ్ముడి ఫైల్లో మొదటి రోజు రాసింది "గ్రేడ్ 4" అని ఒక్క మాట. హామిల్టన్ 1951లో వేసిన, నార్‌వుడ్ 1975లో సరిచేసిన ఆ స్కేలు బట్టతల ఏ దశలో ఉందో చెప్పటానికి బాగుంటుంది, ఉన్నదే ఏడు మెట్లు. మందు పనిచేస్తున్న మనిషి కూడా ఏడాదికి అదే మెట్టు మీద ఉండొచ్చు. మళ్ళీ "గ్రేడ్ 4" అని రాస్తే వచ్చిందో పోయిందో ఏం తెలుస్తుంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, మీలో నిజాయితీగా పనిచేసే డాక్టర్లు ఇది జాగ్రత్తగా చదవాలి. కొలవకపోతే నష్టం పేషెంటుకి మాత్రమే కాదు, మంచి మందుకి కూడా. మందు వాడకుండా వదిలేస్తే బట్టతల అక్కడే ఆగదు, ఏడాదికేడాది తగ్గతానే ఉంటుంది. ఆ ఫినాస్టరైడ్ స్టడీలోనే ఐదేళ్ళకి రెండు గుంపుల మధ్య తేడా 277 వెంట్రుకలకి పోయింది, అది మందు వేసుకున్న వాళ్ళకి పెరగటం వల్ల మాత్రమే కాదు, వేసుకోని వాళ్ళకి రాలటం వల్ల కూడా. అంటే ఏడాది తర్వాత లెక్క అంతే ఉంది అంటే అది గెలుపే. కానీ అద్దంలో చూసుకునేవానికి అది ఎట్లా తెలుస్తుంది? "ఇన్నాళ్ళు వాడినా ఏం మారలేదు" అనుకొని ఆపేస్తాడు. ఆపేస్తే వచ్చిన లాభం 12 నెలల్లోపే పోతుందని మందు కాగితంలోనే రాసి ఉంటుంది. నా దగ్గరికి ఫోటోలకి వచ్చే కుర్రోళ్ళలో ఇట్లా ఆపేసినోళ్ళు ఉన్నారు, ఆపినాక మునుపటికన్నా పలచబడి వస్తారు, టోపీ తీయకుండానే ఫోటో తీయమంటారు. వాళ్ళ చేతిలో "గుర్తు పెట్టిన చోట పోయినేడు 160 వెంట్రుకలు, ఈ ఏడు 161" అని ఒక చీటీ ఉండుంటే ఆపేవాళ్ళు కాదు.

దానికి రివర్సులో ఇంకోటి జరుగుతుంది. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది, మన ఊర్లలో వానాకాలం జ్వరాలు తగ్గినాక ఇది మామూలే. అది బట్టతల కాదు, వేరే ఇబ్బంది లేకపోతే దానంతట అదే కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. భయపడి ఆ టైములో వచ్చినోనికి ప్యాకేజీ కట్టిస్తే, ఎట్లాగూ రావాల్సిన జుట్టు వస్తుంది, పేరు ప్యాకేజీకి పోతుంది. మొదటి రోజు డెర్మోస్కోప్ పెట్టి చూసి, ఈ మధ్య జ్వరం ఏమన్నా వచ్చిందా అని అడిగి రాసుంటే ఏది ఏమిటో తెలిసిపోతుంది. ఆ డబ్బులు కట్టేది కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లోళ్ళు, ఈఎంఐలు పెట్టుకొని కడుతున్నారు.

రాలిన వెంట్రుకలు లెక్కపెట్టుకునే వాళ్ళ గురించి కూడా ఒక మాట. దిండు మీద, బాత్రూమ్ జాలీలో ఏరి లెక్కపెట్టుకొని ఏడ్చే పిల్లల్ని చూసినా. రోజుకి 50 నుంచి 100 దాకా రాలటం మామూలే అని మీరు చెప్తారు, కానీ వారానికి ఒకసారి తలంటుకునే వానికి ఆ వారం అంతా ఊడి ఇరుక్కుపోయినవి ఆ రోజే వస్తాయి అని చెప్పరు. మినాక్సిడిల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో పాత వెంట్రుకలు ఊడి కొత్తవాటికి దారి ఇస్తాయని, అప్పుడు రాలటం ఎక్కువ అవుతుందని ముందే చెప్తే సగం మంది సీసా పారేయరు. బోరు నీళ్ళ వల్ల, హెల్మెట్ వల్ల, మేనమామ పోలిక వల్ల అని ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోటి అంటాంటారు. ఇది అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వచ్చే వంశపారంపర్యం అని ఒక డాక్టర్ నోటి నుంచి వింటే ఆ పిల్లోడు బోరు నీళ్ళని తిట్టుకోవటం ఆపి అసలు పని చూసుకుంటాడు.

మన వైపు ప్రత్యేకంగా గుండు సంగతి ఉంది. తిరుమల మనకి దగ్గర, మొక్కులు ఎక్కువ, ట్రీట్మెంట్ మధ్యలో గుండు చేయించుకోవాల్సి వస్తుంది. మా ఇంట్లో అదే గొడవ అయింది, అమ్మ మొక్కు తీర్చాలంటుంది, తమ్ముడు "ఇప్పుడు తీస్తే మళ్ళీ వస్తుందో రాదో" అని భయపడతాడు, క్లినిక్‌లో అడిగితే తలా ఒక మాట చెప్పినారు. గుండు చేస్తే వేరుకి ఏమీ కాదు, ఒత్తుగానూ రాదు, కోసిన చివర మొద్దుగా ఉండి గరుకుగా తగులుతుంది కాబట్టి లావుగా వచ్చినట్టు అనిపిస్తుంది అంతే. కొలతకి వస్తే, తల మొత్తం ఫోటో మాత్రం జుట్టు మునుపటి పొడుగుకి వచ్చేదాకా పోల్చటానికి పనికిరాదు. కానీ గుండు అయిన రెండు మూడు రోజులకి డెర్మోస్కోప్ లెక్కకి అంతకన్నా మంచి టైము లేదు. గొరిగిన చోటు రెండు మూడు రోజుల తర్వాత ఫోటో తీసి, పెరిగినవి ఎన్ని పెరగనివి ఎన్ని అని చూసే ఫోటోట్రైకోగ్రామ్ మీ చదువులోనే ఉంది కదా, మా మొక్కు మీకు ఆ పని సగం చేసిపెడుతుంది. ఈ నాలుగు మాటలు కౌంటర్ దగ్గరే చెప్పుంటే మా ఇంట్లో ఆ గొడవే ఉండేది కాదు.

తమ్ముడు ఆ క్లినిక్‌లో తన ఫోటోలు అడిగితే "అవి మా సిస్టమ్‌లో ఉంటాయి, బయటికి ఇవ్వం" అన్నారు. ఆ తల వానిది, డబ్బులు వానివి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రూల్స్‌లో పేషెంటు రికార్డులు మూడేళ్ళు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఉంది. ఆ రూల్ చూపించి కొట్లాడాలని మాకు లేదు, అడగకముందే వాట్సాప్‌లో పంపేస్తే ఎంత బాగుంటుంది.

కాబట్టి మీ నుంచి నేను కోరేది ఇట్లా ఉంటుంది. మొదటి రోజు నూనె లేని పొడి జుట్టుతో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి, నడినెత్తి, మధ్య పాపిడి, ముందు వైపు, కణతలు. ఒకే కెమెరా, నేల మీద టేపు గుర్తు, గడ్డం ఆనించటానికి ఒక స్టాండు. గుర్తు పెట్టిన చోట డెర్మోస్కోప్ లెక్క. మూడు నెలల్లోపు మంచి చెడు ఏదీ తేల్చొద్దు, ఆరు నెలలకి ఒకసారి, పన్నెండు నెలలకి ఒకసారి మళ్ళీ అదే. సీజన్‌ని బట్టి కూడా రాలటం మారుతుంది కాబట్టి ఏడాది తిరిగి అదే నెలలో కొలిస్తే నమ్మకం ఎక్కువ. వీలైతే ఫోటోల మీద తేదీలు కనపడకుండా మీ క్లినిక్‌లో ఇంకో డాక్టర్‌కి చూపించి ఏది ముందుది ఏది తర్వాతది అని అడగండి, వాళ్ళు చెప్పలేకపోతే మాకు ఆ ముక్క చెప్పండి. ఏడాదికీ లెక్క పడిపోతా ఉంటే "ఇది నీకు పనిచేయటం లేదు" అని నోరు తెరిచి చెప్పండి, ఇంకో ప్యాకేజీ అంటగట్టొద్దు. ఫినాస్టరైడ్ వాడేవాళ్ళ కార్డు మీద ఆ మందు పేరు స్పష్టంగా రాయండి, అది మగవాళ్ళకి ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్ఏ అనే రక్తం టెస్టు రీడింగుని సుమారు సగానికి తగ్గిస్తుంది, రేపు యాభై ఏళ్ళకి ఇంకో డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు తెలియాలి. సెక్స్ పరంగా, మనసు పరంగా ఇబ్బందులు రావొచ్చని కూడా మొదటి రోజే చెప్పి, ప్రతి విజిట్‌లో అడగండి, మా వాళ్ళు సిగ్గుపడి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

పెద్దాసుపత్రి స్కిన్ ఓపీలో పనిచేసే సార్లకి కూడా ఇదే మనవి. మీ దగ్గర జనం ఎక్కువ, టైము తక్కువ అని తెలుసు, బట్టతల కన్నా పెద్ద జబ్బులు లైన్లో ఉంటాయని తెలుసు. ఒక్క మూల, ఒక స్టూలు, గోడకి ఒక గుర్తు, రెండు లైట్లు చాలు. మీ దగ్గర ట్రైనింగ్ అయ్యే పీజీ డాక్టర్లకి అక్కడ అలవాటైతే రేపు వాళ్ళు ప్రైవేటులో కూర్చున్నప్పుడు కూడా అట్లాగే చేస్తారు.

లైట్లు, దూరం, స్టాండు సెట్ చేయటం చేతకాక ఆగిపోతే ఆ పని నాకు వదిలేయండి. కర్నూల్లో గానీ, నంద్యాల పక్క గానీ, అనంతపురం, కడప అయినా గానీ, ఏ డాక్టర్ పిలిచినా నేనే వచ్చి ఆ మూల సెట్ చేసి, నర్సమ్మకో కాంపౌండర్‌కో నేర్పించి వస్తా, రూపాయి వద్దు. రెండు లైట్లు తలకి రెండు పక్కలా సమానంగా, కెమెరా మాన్యువల్‌లో, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి, గోడ బూడిద రంగు. ఒక పూట పని. ముహూర్తాల రోజుల్లో మాత్రం నాకు కుదరదు, పెళ్ళిళ్ళు ఉంటాయి, మిగతా ఏ రోజైనా సరే.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక ఫోటోగ్రాఫర్